కరకట్ట మీద కొత్తలు

బరువు తూచే యంత్రాన్ని చంకలో పెట్టుకుని పొద్దున్నే కరకట్ట ఎక్కే ఆడమనిషిని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. మొదటి వారం నాకూ సిగ్గేసింది. గోదావరిలో మూడు మునకలు వేసి వచ్చిన యాత్రికులు నన్ను చూసి ఆగేవారు. ఒక పెద్దాయనైతే తడి పంచెతోనే వచ్చి దాని మీద నిలబడి, ముల్లు ఎక్కడ ఆగిందో చదవమన్నాడు. చదివాను. తడి పంచె బరువు తీసేసి చెప్పమన్నాడు! నాకసలే కోపం జాస్తి. అయినా పళ్ళు బిగబట్టి ఒక కిలో తగ్గించి చెప్పాను. ఆయన సంతోషంగా వెళ్ళిపోయాడు.

నా పని ఆయనతో కాదు, ఇంకో ఏడుగురితో. ఇల్లూ వాకిలీ లేకుండా, స్నానఘట్టం మెట్ల పక్కన రేకుల షెడ్డులో ఉండే పిల్లలు. పిల్లలు అంటున్నానే గాని, అందరికన్నా చిన్నవాడికి పదహారు, అందరికన్నా పెద్దదానికి ఇరవై. ముగ్గురు అమ్మాయిలు, నలుగురు అబ్బాయిలు. కొందరు రాష్ట్ర సరిహద్దు అవతలి అడవి గూడేల నుంచి మిరప కోతలకు కూలికి వచ్చి, తిరిగి వెళ్ళడానికి ఊరు మిగలక ఇక్కడే ఆగిపోయినవాళ్ళు. కొందరు ఇంట్లో పడక బయటికొచ్చినవాళ్ళు. కొబ్బరికాయల పీచు తీయడం, బస్టాండులో సామాను మోయడం, హోటల్లో గిన్నెలు కడగడం, ఏ పని దొరికితే అది చేసేవారు. మధ్యాహ్నం గుడి దగ్గర అన్నదానంలో తినేవారు. ఒక చిన్న సంస్థ నన్ను వీళ్ళ కోసం పెట్టుకుంది. సబ్బుతో చేతులు కడుక్కోవడం, గుట్కా మానడం, దోమతెర కట్టుకోవడం, దగ్గు పట్టుకుంటే దాచుకోకుండా దవాఖానాకు రావడం, ఇవన్నీ నేను వాళ్ళకు అలవాటు చేయాలి.

అందుకోసం నాకొక బొమ్మల చార్టు ఇచ్చారు. వాళ్ళకది మంచి కాలక్షేపం. దగ్గుతున్న మనిషి బొమ్మకు గుబురు మీసాలుంటాయి. "అక్కా, ఈయన మణుగూరు బస్సుల కండక్టర్ లెక్కనే ఉన్నడు కదా" అని ఒకడు అనేవాడు, మిగతావాళ్ళు పడీ పడీ నవ్వేవారు. ఆ ఒకడు బూర్గంపాడు వాడు. వాడికి పద్దెనిమిదేళ్ళు. పొద్దంతా కొబ్బరికాయల పీచు తీస్తాడు, పీచు ఒలిచినంత వేగంగా మాట్లాడతాడు. నేను గుట్కా గురించి అరగంట చెబితే అంతా శ్రద్ధగా విని, చివర్లో పక్కకెళ్ళి గుట్కా ఉమ్మి వచ్చేవాడు. నా ఒళ్ళు మండిపోయేది.

ఏడాది ఇలా గడిచాక, వాళ్ళలో పెద్దదైన ఆ ఇరవయ్యేళ్ళ పిల్లకు పట్టుకున్న దగ్గు మూడు వారాలైనా తగ్గలేదు. కోయపిల్ల, సన్నగా పొడుగ్గా ఉంటుంది, మాట చాలా తక్కువ. చెయ్యి పట్టుకుని దవాఖానాకు లాక్కెళ్ళాను. టీబీ అన్నారు. ఆరు నెలలు ఒక్క రోజు కూడా మానకుండా గోలీలు మింగాలి. నేను భయపడ్డంత ఆమె భయపడలేదు. రోజూ పొద్దున్నే నేను కరకట్ట ఎక్కేసరికి మూతికి గుడ్డ కట్టుకుని, చేతిలో నీళ్ళ సీసాతో కూర్చుని ఉండేది. నా ఎదురుగానే మింగి, నోరు తెరిచి చూపించేది. ఇంత బుద్ధిమంతురాలు నా ఉద్యోగంలో ఇంకొకరు దొరకలేదు.

కానీ నెల తిరిగేసరికి ఆమె బరువు ముప్పై ఐదు నుంచి ముప్పై నాలుగుకు దిగింది. గోలీలు పనిచేస్తుంటే బరువు పెరగాలి. టీబీ పని చూసే సూపర్‌వైజర్ మోటర్ సైకిల్ మీద వచ్చి, కార్డు చూసి, పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"మేడం, వచ్చే నెల మళ్ళ కఫం పరీక్ష ఉంటది. అప్పటికి గూడ గిట్లనే ఉంటే ఖమ్మంల వార్డుల చేర్పిద్దాం. ఈడ రోడ్డు మీద ఏం తింటదో, ఏం తినదో ఎవరు చూస్తరు?"

మంచివాడే, మంచికే చెప్పాడు. కానీ ఆయన బండి కదలగానే ఆ పిల్ల నా వైపు తిరిగింది.

"అక్కా, నన్ను ఖమ్మం పంపుతే నడుమనే బస్సు దిగి అడవిలకు పోత. నాకు గోడల నడుమ ఊపిరాడది."

అన్న మాట చేసే రకమని నాకు తెలుసు. అడవిలోకి వెళ్తే గోలీలు ఆగిపోతాయి. సగంలో ఆపిన టీబీ ఇంకా మొండిగా తిరిగొస్తుంది, అప్పుడు ఈ గోలీలు కూడా పనిచేయకపోవచ్చు. అంటే నా చేతిలో ఒక నెల ఉంది. ఈ నెలలో ఆమె ఒంటికి కాస్త కండ పట్టాలి, అంతే. అంతకు మించి ఇంకేమీ నాకు పట్టలేదు.

నేను పంతం పట్టానంటే పట్టాను. మా ఊరు నేలకొండపల్లి పక్కన. అప్పుడే మా అన్న కొత్త బియ్యం బస్తా బస్సులో వేసి పంపాడు. దాంతోపాటు పెరటి చిక్కుడుకాయలు, ఒక గుమ్మడికాయ. భద్రాచలంలో నేనుండే కిరాయి గదిలో తెల్లవారకముందే లేచి వండడం మొదలుపెట్టాను. గుడ్డు వేసి చిక్కుడుకాయ కూర, మెత్తగా అన్నం, నెయ్యి. డబ్బా మూత తీసి ఆమె ముందు పెట్టి గొప్పగా చెప్పేదాన్ని. "కొత్త బియ్యం పిల్లా! మా అన్న పొలంలయి. చిక్కుడుకాయ గూడ ఈ యేటి మొదటి కాపు, నీకోసమే తెచ్చిన!"

ఆమె రెండు చేతులతో అందుకునేది. "తర్వాత తింట అక్కా, ఇప్పుడే గోలీ మింగిన" అనేది. మరునాడు డబ్బా తళతళలాడేలా తోమి తిరిగిచ్చేది. నాకెంత తృప్తిగా ఉండేదో! దారిలో నాలో నేనే నవ్వుకుంటూ గదికి వెళ్ళేదాన్ని.

పదిహేను రోజులకు అందరినీ తూచాను. ఆ పిల్ల ముప్పై నాలుగు దగ్గరే ఉంది, వీసమెత్తు కదల్లేదు. ముల్లును సున్నా దగ్గర సరిచేసి మళ్ళీ తూచాను, అంతే. తర్వాత కొబ్బరికాయల కుర్రాడు ఎక్కాడు. ముల్లు గిర్రున తిరిగింది. పదిహేను రోజుల్లో మూడు కిలోలు పెరిగాడు! చెంపలు నున్నగా మెరుస్తున్నాయి. నేను వాడి ముఖం చూశాను, వాడు గోదావరి వైపు చూశాడు.

"ఒరేయ్" అన్నాను.

"నేను అడగలే అక్కా! దేవుని తోడు. ఆమెనే ఇచ్చింది. రోజు ఇస్తె నేనేం జెయ్యాలె? నీ చేతి వంట మస్తుగ ఉంటది."

ఆ పొగడ్త నాకు మరింత మంట పెట్టింది. ఆ పిల్ల వైపు తిరిగి నోటికొచ్చినట్టు తిట్టాను. పొద్దున నాలుగింటికి లేచి వండుతున్నానన్నాను. ప్రాణం మీద తీపి లేదా అన్నాను. ఖమ్మం వద్దంటావు, తిండీ వద్దంటావు, నన్నేం చేయమంటావు అన్నాను. మెట్ల మీద బట్టలు పిండుకునేవాళ్ళు కూడా పిండడం ఆపి విన్నారు. ఆమె తల వంచుకుని నేను అలిసిపోయేదాకా ఆగింది. తర్వాత మెల్లగా ఒక్క మాట చెప్పింది.

"మాకు కొత్తలు కాలేదక్కా."

నాకు ముందు అర్థం కాలేదు. ఆమె చెప్పుకొచ్చింది. వాళ్ళ వైపు ఏ పంట చేతికొచ్చినా, చెట్టుకు ఏ కాయ కాసినా నేరుగా నోట్లో వేసుకోరు. చిక్కుడుకైనా, కొత్త వడ్లకైనా, మామిడికైనా దేనికి దానికి ఒక పండుగ ఉంటుంది. ముందు భూమికీ, పోయిన పెద్దలకూ పెట్టాలి. అదే కొత్తలు. అది అయ్యేదాకా ఇంటిల్లిపాదీ ఆగుతారు. ఆమె ఊరు వదిలి మూడేళ్ళు. కొత్తలు పెట్టేవాళ్ళు లేరు కాబట్టి ఈ మూడేళ్ళూ కొత్త బియ్యం ముట్టలేదు, చిక్కుడు ముట్టలేదు. అన్నదానంలో మాత్రం పాత బియ్యమేనా అని వంటాయనను అడిగి తెలుసుకున్నాకే కూర్చునేది.

గొప్పలు చెప్పే బదులు ఏం తింటావని ఒక్క మాట అడిగి ఉంటే మొదటి రోజే తెలిసేది! మూత తీసిన ప్రతిసారీ కొత్తవి, కొత్తవి అని చాటింపు వేసి నేనే ఆమె నోటి దగ్గర కూడు లాక్కున్నాను. తల బాదుకుందామనిపించింది.

"మరి మామిడిపండు?" అన్నాను, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

ఆమె ముఖం చిన్నబోయింది. "ఒక్కసారి తిన్న. పోయినేడు ఎండల కాలంల. ఆకలికి ఆగలేక తిన్న. దానికే ఈ దగ్గు పట్టింది."

ఇక్కడ నేను మళ్ళీ ఒక తప్పు చేశాను. చార్టు తెరిచాను. ఇది పండుతో వచ్చే రోగం కాదని, గాలిలో కంటికి కనపడని క్రిమి ఉంటుందని, మీసాల మనిషి దగ్గే బొమ్మ చూపించి గడగడా చెప్పాను. ఆమె ఓపికగా అంతా విన్నది.

"క్రిమే అక్కా. నాకు తెలుసు. అందుకే గోలీలు మింగుతున్న కదా. కానీ ఏడుగురం ఒక్క కాడ పంటం. ఆ క్రిమి నన్నే ఎందుకు పట్టుకున్నది?"

చార్టులో ఆ బొమ్మ లేదు. మూసేశాను.

పాత బియ్యం వండి తెస్తే సరిపోయేదే. మరునాటి నుంచి అదే చేశాను. తిన్నది, కానీ నాలుగు ముద్దలు. కూరగా ఏం వండాలో తెలియలేదు. చలికాలం సంతలో కొత్తది కానిదేముంది? పైగా ఆమె మనసు తిండి మీద లేదు. మూడో రోజు అసలు మాట బయటపడింది. సరిహద్దు దాటి, దూరపు చుట్టాలెవరైనా ఏ గూడెంలోనైనా ఉన్నారేమో వెతుక్కుంటూ వెళ్ళి, కొత్తలు చేసుకుని రావాలని చూస్తోంది. ఎన్ని రోజులు పడుతుందంటే తెలీదంది. గోలీలు పట్టుకుపోతానంది. ఆ ప్రయాణంలో ఏం జరుగుతుందో నాకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. ఖమ్మం బెడద ఒకవైపు, అడవి దారి ఇంకోవైపు.

అప్పుడు తట్టింది నాకు! అంత దూరం దేనికి? పర్ణశాల దారిలో ఎన్ని కోయగూడేలు లేవు! అక్కడ నాకు తెలిసిన అంగన్‌వాడీ టీచర్ ఉంది. ఫోన్ చేశాను. మా గూడెంలో పెద్దాయన ఉన్నాడు, తీసుకురా అంది. ఎగిరి గంతేసినంత పని చేసి, ఆ పిల్లను వెంటబెట్టుకుని యాత్రికుల ఆటోలో కూర్చున్నాను. వాళ్ళు సీతమ్మ కుటీరం గురించి మాట్లాడుకుంటుంటే, నేను చిక్కుడుకాయల గురించి ఆలోచిస్తూ ఉన్నాను. సగం దారిలో దిగిపోయాం.

పెద్దాయన ఇంటి ముందు కూర్చుని వెదురు బద్దలు చీరుతున్నాడు. ఇద్దరూ కోయలో మాట్లాడుకున్నారు. నాకు ఒక్క ముక్క తెలియదు. వాళ్ళ ఇంటిపేరూ, గట్టూ అడిగినట్టున్నాడు. గట్టు అంటే వాళ్ళ వంశాల వరస అని అంతకు ముందే టీచర్ చెప్పింది. ఇద్దరిదీ ఐదో గట్టేనని తేలగానే ఆ పిల్ల ముఖం విప్పారింది. మూడేళ్ళలో తన వాళ్ళనదగ్గ మనిషిని చూడడం అదే మొదటిసారి కాబోలు. నేను మాత్రం పెళ్ళికి పిలవని పేరంటాల్లా పక్కన నిలబడి, కత్తి వెదురులో దిగుతున్న తీరు చూస్తున్నాను.

చివరికి ఆయన నా వైపు తిరిగి తెలుగులో అడిగాడు. "మా కొత్తలు పోయిన వారమే అయినయి బిడ్డా. అయినంక మళ్ళ పెట్టం. వీళ్ళకు పొయ్యి ఉన్నదా?"

"లేదు తాతా. గుడి కాడ తింటరు."

"అది దేవుని పొయ్యి. వీళ్ళది ఏది?"

ఏడాదిగా వాళ్ళతో తిరుగుతున్నాను. ఎక్కడ పడుకుంటారో, ఎక్కడ స్నానం చేస్తారో, ఎవరు ఏ బ్రాండు గుట్కా నములుతారో అన్నీ రాసుకున్నాను. వాళ్ళకు సొంత పొయ్యి లేదన్న సంగతి ఒక లోటుగా నాకెప్పుడూ తోచలేదు.

"మూడు రాళ్ళు పెట్టుకొని వండుకోమను. రోజు ఆ పొయ్యి మీద తింటే అది ఇల్లే. ఆ తినేటోళ్ళల్ల పెద్ద ఎవరో, వాళ్ళు పెట్టాలె కొత్తలు. పెద్దలకు పెట్టేతందుకు కోడి లేకుంటే గుడ్డు చాలు."

అంతే కదా! నాకు ఉత్సాహం ఆగలేదు. "నేనే పెద్ద తాతా! నాకు ముప్పై ఏడు. నేను పెడ్త."

ఆయన కత్తి పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వు రోజు ఆడ తింటవా?"

"లేదు, నా రూంల తింట."

"అయితే నువ్వు చుట్టానివి. నీకు ఆఖరికి పెడ్తరు."

గాలి తీసిన ట్యూబులా అయిపోయాను. ఆ పిల్ల గుడ్డ చాటున నవ్వింది. ఆమె నవ్వు నేను అదివరకు వినలేదు, అందుకే కోపం కూడా రాలేదు. ఆయన చెప్పింది అన్ని గూడేల్లోనూ ఒకేలా ఉంటుందో లేదో నాకు తెలియదు. ఆమెకు మాత్రం ఆ మాట చాలు. తిరుగు ఆటోలో ఆమె బయటికే చూస్తూ కూర్చుంది. భద్రాచలం వచ్చేస్తుండగా నా మోచెయ్యి పట్టుకుంది.

"అక్కా, అయితే నేనా పెద్ద?"

"ఇంకెవరు? నువ్వే."

"అవ్... నేనే" అని తనలో తను అనుకుంది. వేళ్ళ మీద పేర్లు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది. తాతలవి, అవ్వలవి. ఒక పేరు దగ్గర ఆగిపోయి, మళ్ళీ గుర్తు తెచ్చుకుని, మొదటి నుంచి లెక్కపెట్టింది.

ఆదివారం పొద్దున్నే పెట్టుకున్నాం. ఆ పొద్దు తలుచుకుంటే ఇప్పటికీ నా కాళ్ళు నేల మీద ఆనవు. నది ఒడ్డున మూడు రాళ్ళు దొరకడమే ఒక పెద్ద తగాదా. ఒకడు తెచ్చింది గుండ్రంగా దొర్లుతుంది, ఒకతి తెచ్చింది పగిలింది, కొబ్బరికాయల కుర్రాడు తెచ్చింది ఇద్దరు కలిస్తే గాని కదలదు. చివరికి ఆ పిల్లే నీళ్ళ దగ్గరికి దిగి, ఒక్కోటీ తట్టి చూసి ఏరుకుంది. గిన్నె నాది, కొబ్బరి పీచు వాడిది, పుల్లలు అందరివీ.

పొయ్యి అంటించే ముందు ఆమె అందరినీ నిలబెట్టింది. "స్నానం జెయ్యకుంటే, చేతులు కడుక్కోకుంటే పొయ్యి కాడికి రావద్దు. నోట్ల గుట్కా ఉన్నోళ్ళు అసలే రావద్దు."

నమ్ముతారో లేదో, ఏడాదిగా నేనిచ్చిన సబ్బులు సంచుల్లో చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ రోజు ఒక్క పూటలో రెండు సబ్బులు సగం సగం అరిగిపోయాయి! మోచేతుల దాకా తోముకున్నారు. కొబ్బరికాయల కుర్రాడు పక్కకెళ్ళి నోరు పుక్కిలించి, పుక్కిలించి, మళ్ళీ పుక్కిలించి వచ్చాడు. వాడికి ఇంకో బెంగ పట్టుకుంది.

"నేను పదిహేను రోజులు కొత్త బియ్యమే తిన్న కదా. నాకేమన్న అయితదా?" అని ఆమెను అడిగాడు.

ఆమె పొయ్యిలో పుల్లలు పేరుస్తూ చెప్పింది. "అప్పుడు మనకు పొయ్యి లేకుండె. నీ లెక్క వేరే. ఇయ్యాల్టి సంది ఆగాలె."

వాడు తేలికపడి ఊపిరి వదిలాడు.

వంట ఎవరికీ సరిగ్గా రాదు. కొత్త బియ్యం ముద్ద ముద్దయింది, అడుగంటింది. చిక్కుడుకాయల్లో ఉప్పు ఎక్కువైంది. నా చేతులు దురద పెట్టాయి గానీ చుట్టాన్ని కదా, నోరు కట్టుకుని కూర్చున్నాను. ఆమె మోదుగాకు పరిచి, ఇంత అన్నం, ఇంత కూర, గుడ్డు ముక్క పెట్టింది. ఒడ్డున మట్టిని చేత్తో తాకి, పేర్లు పిలవడం మొదలుపెట్టింది. ఒక్కో పేరుకు ఒక మెతుకు. గట్టిగా, ఎదురింటి వాళ్ళను కేకేసినట్టు పిలిచింది. స్నానానికి దిగినవాళ్ళు కొందరు ఆగి చూశారు. మిగతా ఆరుగురూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. వాళ్ళలో సగం మంది కోయలు కారు, అయినా ఒక్కడు కూడా గిన్నె వైపు చెయ్యి చాపలేదు. చివర్లో ఆమె గొంతు తగ్గించి రెండు పేర్లు చెప్పింది. అమ్మా నాన్నవని ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

తర్వాత మూతి గుడ్డ దించి మొదటి ముద్ద తిన్నది. నమిలింది. కళ్ళు మూసుకుని ఇంకో ముద్ద. "తినుండ్రి!" అని కేక వేసింది. ఇక చూడాలి సందడి! నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. నా వంతు నిజంగానే ఆఖరికి వచ్చింది. మాడు వాసన, పొగ వాసన, ఉప్పు కషాయం. రెండోసారి అడిగి వేయించుకున్నాను.

ఆ రాళ్ళను మళ్ళీ తీయలేదు. రోజూ పొద్దున పొయ్యి వెలిగేది. ఎవరి పని నుంచి వాళ్ళు ఏదో ఒకటి తెచ్చేవారు, గుడ్లు, పప్పు, సంతలో మిగిలిన కూరగాయలు. నేను గుమ్మడికాయ ఇచ్చాను. దానికీ వేరేగా పేర్లు పిలిచాకే కోసింది. గోలీ వేసుకుని, అరగంట ఆగి, అందరికన్నా ముందు ఆమె తినాలని వాళ్ళే నియమం పెట్టుకున్నారు. పెద్ద తినందే ఎవరూ తినరు కదా. ఆకలితో మాడుతున్న ఆరుగురు చుట్టూ కూర్చుని చూస్తుంటే ఆమె తినక ఏం చేస్తుంది? నేను బతిమాలి తినిపించలేనిది, వాళ్ళ కడుపులో మంట తినిపించింది.

పరీక్ష రోజు వచ్చింది. కఫం డబ్బా తీసుకెళ్ళిన సూపర్‌వైజర్ మరునాడు మళ్ళీ వచ్చాడు. బండి స్టాండు వేయకముందే చుట్టుముట్టాం. ఆయన ముందు బరువు చూపించమన్నాడు. ఆమె ఎక్కింది. ముల్లు ముప్పై నాలుగు దాటింది, ముప్పై ఐదు దాటింది, అటూ ఇటూ ఊగి ముప్పై ఆరు దగ్గర నిలబడింది! కొబ్బరికాయల కుర్రాడు ఈల వేశాడు.

"కఫం గూడ సాఫ్ వచ్చింది" అన్నాడాయన. "క్రిమి కనపడలే. ఇంక ఖమ్మం ముచ్చట లేదు. కానీ నాలుగు నెలలు గోలీలు మానొద్దు, సరేనా?"

అరిచాం, గెంతాం. నేను ఆ సూపర్‌వైజర్ చెయ్యి పట్టుకుని ఎంత గట్టిగా ఊపానంటే ఆయన పెన్ను కింద పడింది. ఆయన దాన్ని తీసుకుంటూ, నవ్వు ఆపి, మిగతావాళ్ళ వైపు చూశాడు.

"మేడం, ఈ ఆరుగురి సంగతేంది? ఒక్క కాడ పండేటోళ్ళు, ఎక్స్‌రే తీయాలె, రోగం రాకుండ గోలీలు మొదలువెట్టాలె అని రెండు నెలల సంది చెప్తున్న."

నేనూ రెండు నెలల నుంచి చెబుతూనే ఉన్నాను. ఒకడికి పని ఉందంటాడు, ఒకతికి సూదంటే భయం, కొబ్బరికాయల కుర్రాడైతే దవాఖానా గేటు దాకా వచ్చి గోడ దూకాడు. ఈసారి కూడా చూపులు పక్కకు తిప్పేసుకున్నారు. నేను గొంతు సవరించుకున్నాను. అంతలో ఆ పిల్ల యంత్రం మీది నుంచి దిగింది.

"రేపు పొద్దుగాల పొయ్యి అంటియ్య. ముందు దవాఖానా. వచ్చినంకనే వంట."

ఆరుగురూ తలూపారు. సూదంటే భయమన్న పిల్ల మాత్రం "జల్దీ అయిపోతదా?" అని అడిగింది, నన్ను కాదు, ఆమెను.

మరునాడు ఎనిమిదింటికి ఆరుగురూ, వాళ్ళతో ఆ పిల్లా దవాఖానా వరండాలో వరసగా బెంచీ మీద ఉన్నారు. తలలు దువ్వుకుని, ముఖాలు కడుక్కుని వచ్చారు. నర్సమ్మ ఫారాలు ముందేసుకుని పేర్లు రాసుకుంది. తర్వాత తలెత్తి అడిగింది. "వీళ్ళ ఇంటి పెద్ద ఎవరు?"

అలవాటు కొద్దీ పెన్ను మూత తీసుకుని నేను లేచాను. ఇలాంటి చోట్ల ఎప్పుడూ నేనే సంతకం పెడతాను. నా నోరు తెరుచుకునేలోపే బెంచీ చివరి నుంచి జవాబు వచ్చింది.

"నేనే."

నర్సమ్మ ఆ బక్కపిల్లను కింది నుంచి పై దాకా చూసింది. "నువ్వా?"

"అవ్. వీళ్ళు నా పొయ్యి మీద తింటరు."

నేను ఆ పెన్ను ఆమె చేతికిచ్చాను. నా జన్మలో అంత సంతోషంగా ఏ పనీ వదులుకోలేదు. ఆమె వంగి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ తన పేరు ఐదు ఫారాల మీద రాసింది. ఆరోది కొబ్బరికాయల కుర్రాడిది. వాడు ఫారాన్ని చేత్తో మూశాడు.

"నాకు పద్దెనిమిది నిండినయి. నా సంతకం నేనే పెట్టుకుంట."

"పెట్టుకో" అని పెన్ను ఇచ్చేసింది. "కానీ ఎక్స్‌రే అయ్యేదాక ఈడికెళ్ళి కదిలినవో చూడు."

వాడు కదల్లేదు. ఏడాది పాటు నేను బతిమాలి, బెదిరించి, బొమ్మలు చూపించి ఒక్క చోట కూర్చోబెట్టలేనివాడు, తన నంబరు పిలిచేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.